ఇంటి యీతకొలను – యంత్రముల కావలి

మయసభ కథ నెఱుగని తెలుగు ఇల్లాలుండదు. రాజసూయమునకు వచ్చిన దుర్యోధనుడు ఆ సభలో తిరుగాడుచు స్ఫటికపు నేలను చూచి నీరని భ్రమించెను; పిమ్మట నీటిని చూచి నేలయని భ్రమించి కట్టుబట్టలతో కొలనిలో కూలెను. ఆనాటి అవమానమునుండి పుట్టిన పగ యెంతవఱకు పోయినదో మనమందఱ మెఱుగుదుము. ఆ కథ చదివినప్పుడెల్ల నాకు వేఱొక నీతికూడ తోచుచుండును. నిలిచిన నీరు కన్నును మోసగించును. తేటగా నున్నంతమాత్రమున నీరు శుద్ధమైనదని తలపరాదు. అడుగు కానవచ్చినంతమాత్రమున లోతు తక్కువయని తలపరాదు. నాలుగడుగుల నీరు గట్టుమీదనుండి తిన్నగా క్రిందికి చూచువారికి మూడడుగులుగనే తోచునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది.

మన పెద్దల కాలమున ఈత యనగా చెఱువు, కాలువ, దిగుడుబావి. ఇంటిలో జలక్రీడకై కొలను త్రవ్వించుకొనుట రాజులకే చెల్లినది. ఇప్పుడట్లు కాదు. హైదరాబాదు పొలిమేరలయందు విల్లాలని పిలువబడు ఇండ్లలోను, తోటయిండ్లలోను ఈతకొలనులు కానవచ్చుచున్నవి. ఇక అమెరికాలోని టెక్సాసు, కాలిఫోర్నియా, ఫ్లోరిడా వంటి వేడి సీమలందు పెరటిలో కొలను ఉండుట సామాన్యవిషయము. ఆ సీమలకు మన బిడ్డలు పెక్కుమంది వెళ్లి కాపురములు చేయుచున్నారు. వారికి పురుళ్లు పోయుటకై మనలో ఎందఱో తల్లులు వెళ్లి నెలలతరబడి యుండి వచ్చుచున్నారు. కూతురును అల్లుడును ఉద్యోగములకు పోయిన పిమ్మట ఆ యింట మిగులునది అమ్మమ్మయు, నడక నేర్చుచున్న మనుమడును, పెరటిలో నిండుకొలనును. "అమ్మా, నీకేమియు భయము లేదు, కొలను సంగతి యంతయు యంత్రమే చూచుకొనును" అని కూతురు చెప్పిపోవును. ఆ యంత్రము ఏమి చూచును, ఏమి చూడదు, అను విషయము తెలిసికొనుట మనకు మిక్కిలి యవసరమని తోచి యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ఈ విద్యలో నాకు గురువు మా యక్క. ఆమె కాపురము టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరమునకు సమీపమున. వారి పెరటికొలను 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతు గలది. ఈ మూడంకెలను హెచ్చించిన 48 ఘనమీటర్లు, అనగా 48,000 లీటర్ల నీరు. దానికి వలయు యంత్రములను మా బావగారు తామే కూర్చిరి. వారమువారము ఫోనులో మాటలాడునప్పుడు మా యక్క ఒక్కొక్క సాధనమునే నాకు చూపి, దాని గుణదోషములు చెప్పినది.

అన్ని నీళ్లను దినదినము మార్చుట యెవరి తరమును కాదు. కావున ఆ నీటినే సంవత్సరములతరబడి త్రిప్పి వాడుకొందురు. పంపు కొలనిలోని నీటిని లాగి, ఇసుకతొట్టి గుండనో మడతలు పెట్టిన వస్త్రపు వడపోత గుండనో నడిపి, తిరిగి కొలనిలోనికి పంపును. వడపోతకు చిక్కని సూక్ష్మజీవులను చంపుటకు క్లోరిను కలుపుదురు. ఈ నీరు ఆరోగ్యకరముగా నుండవలెనన్న ఐదు సంగతులు తెలియుచుండవలెను: వేడిమి, పులుపు, క్రిములను చంపు శక్తి, నీటిమట్టము, ప్రవాహము. వీనిని కనిపెట్టుటకు అమర్చిన చిన్న సాధనములకే సెన్సారులని పేరు. మనకు జ్ఞానేంద్రియము లెట్లో కొలనియంత్రమునకు సెన్సారులట్లు.

మొదటిది వేడిమి. దీనికై డి.ఎస్. 18బి20 అను పేరుగల సెన్సారును వ్రేలెడు ఉక్కుగొట్టములో బిగించి అమ్ముదురు. అది సున్నకు దిగువ 55 డిగ్రీలు మొదలు 125 డిగ్రీల సెంటీగ్రేడువఱకు కొలువగలదు. మనకు వలయు మేరలో అరడిగ్రీకి మించి తప్పదు. వెలయు స్వల్పమే. దాని తీగెను ఇ.ఎస్.పి. 32 అను చిన్న పలకకు తగిలింతురు. షాంఘై నగరమందలి యొక సంస్థ రూపొందించిన ఈ పలక అఱచేతిలో ఇముడునంతటి కంప్యూటరు. అది సెన్సారు చెప్పిన అంకెను తీగె లేకయే వైఫై ద్వారమున ఇంటిలోనికి చేరవేయును. ఇంటిలో హోమ్ అసిస్టెంటు అను కార్యక్రమ మా యంకెలను స్వీకరించి, పద్దువ్రాసి, ఫోనుమీద చూపును. దీనిని పౌలస్ షౌట్సెన్ అను నాతడు 2013లో ఆరంభించెను. ఇది యుచితముగా లభించును. ఇంటిలోని కంప్యూటరుమీదనే పనిచేయును. ఊరికి ఇంటర్నెట్టు నిలిచిపోయినను పెరటికిని వంటింటికిని మధ్య వార్త నడచుచునే యుండును. కొన్ని కంపెనీలవారి యంత్రము లట్లు కావు. వార్త యెచ్చటనో దూరదేశముననున్న వారి కంప్యూటరువఱకు పోయి తిరిగి రావలెను. కొనునప్పుడే ఈ భేదమును విచారింపవలెను.

రెండవది పులుపు. మనము చారు పులుపును నాలుకతో ఎఱుగుదుము. శాస్త్రజ్ఞులు దానికి పి.హెచ్. అను నొక కొలత నేర్పఱచిరి. 1909లో కోపెన్‌హేగెను నగరమున కార్ల్స్‌బెర్గు ప్రయోగశాలలో పనిచేయుచుండిన సోరెన్‌సెన్ దానికి కర్త. ఆ కొలతలో 7 అనగా పులుపును క్షారమును కాని స్థితి. అంకె తగ్గినకొలది పులుపు, పెరిగినకొలది క్షారము. దీనిని విద్యుత్తుచే సులువుగా కొలుచు మీటరును 1934లో అమెరికాయందు ఆర్నాల్డు బెక్మన్ కల్పించెను. అది పుట్టినది నిమ్మరసముకొఱకని తెలిసినప్పుడు నాకు నవ్వు వచ్చినది. కాలిఫోర్నియా పండ్లతోటలవారివద్ద పనిచేయు మిత్రుడొకడు నిమ్మరసపు పులుపును కొలుచుట కష్టముగా నున్నదని మొఱపెట్టుకొనగా, ఆతనికొఱకు చేసినదట. ఈ సాధనమునకు కొనయందు పలుచని గాజుబుడ్డి యుండును. బుడ్డిలోపలి ద్రవమునకును వెలుపలి నీటికిని పులుపులో భేదమున్నచో స్వల్పమైన విద్యుత్తు పుట్టును, ఒక్కొక్క పి.హెచ్. అంకెకు సుమారు 59 మిల్లీవోల్టులు. దానిని చూచి యంత్రము పులుపును లెక్కగట్టును.

ఈతకొలనిలో పి.హెచ్. 7.2కును 7.8కిని నడుమ నుండుట మేలు. మన కన్నీటి పి.హెచ్. సుమారు 7.4, అందుచే నీరు దానికి దగ్గఱగా నున్నచో కన్నులు మండవు. అంతకన్న ముఖ్యమైన కారణము వేఱొకటి కలదు. నీటిలో కలిసిన క్లోరినంతయు క్రిములను చంపుటలో ఒకే బలము గలది కాదు. పి.హెచ్. 7 ఉన్నప్పుడు నాలుగింట మూడు పాళ్లు గట్టి రూపమున నుండును, 7.5 వద్ద సగమునకు తగ్గును. 8 చేరునప్పటికి నాలుగింట నొకపాలే మిగులును. ఉప్పు వేసితిమను ధీమాతో ఊరగాయను తడిచేతితో కలిపినచో నేమగునో, క్లోరిను పోసితిమను ధీమాతో పి.హెచ్. నుపేక్షించినచో అదియే యగును.

మూడవ సాధనమును ఓ.ఆర్.పి. అందురు. ప్లాటినపు తునుక యొకటి నీటిలో మునిగియుండి, మాలిన్యమును హరించు శక్తి యా నీటికెంత గలదో మిల్లీవోల్టులలో తెలుపును. 650కి తగ్గకుండ చూచుట వాడుక. అయితే యిది క్లోరిను ఎన్ని పాళ్లున్నదో కొలువదు. దాని శక్తిని మాత్రమే సూచించును. ఎండకు క్లోరిను ఎగిరిపోకుండ సైనూరికామ్లము అను దానిని కలుపుదురు. కొన్ని క్లోరిను బిళ్లలలోనే యది చేరియుండును. క్లోరిను ఖర్చగును గాని యిది ఖర్చు కాదు. బిళ్ల వేసినకొలది పేరుకొనుచుండును. అది మితిమీఱినప్పుడు క్లోరిను కట్టుబడిపోయి అంకె తగ్గును. యంత్రము ఇంకను ఇంకను క్లోరినును పోయును. కొంత నీటిని తీసివేసి క్రొత్తనీరు నింపుటకన్న దీనికి సులువైన మందు లేదు. కావున క్లోరిను పాళ్లను బొట్టుమందులతో వేఱుగా పరీక్షించుకొనవలసినదే. పదిలక్షల పాళ్ల నీటికి కనీసము ఒకపాలు, సైనూరికామ్లము వాడు కొలనిలో కనీసము రెండు పాళ్లు క్లోరిను ఉండవలెనని అమెరికా ఆరోగ్యశాఖవారి సూచన.

నాలుగవది నీటిమట్టము. మా యక్కగారి కొలనిలో ఒక్క సెంటీమీటరు తగ్గినచో 320 లీటర్లు పోయినట్లు; పదునైదు లీటర్ల బిందెలతో ఇరువదియొక్క బిందెలకు పైమాట. తగ్గినదెల్ల ఎండకే పోయినదో, అడుగున బీటవాఱినదో సెన్సారు చెప్పలేదు. దానిని తెలిసికొను ఉపాయమునకు ఒక బకెట్టు చాలును. బకెట్టును నీటితో నింపి కొలని మెట్టుమీద నిలిపి, లోపలి మట్టమునకును వెలుపలి మట్టమునకును గుఱుతు పెట్టవలెను. ఒక దినము గడచిన పిమ్మట రెండును సమముగా తగ్గినచో అది ఎండచేత; వెలుపల నెక్కువ తగ్గినచో కారుచున్నదని గ్రహింపవలెను.

ఐదవది ప్రవాహము. పంపు ఎంత వేగముగా తిరుగుచున్నదో, వడపోతలో మురికి చేరి ఒత్తిడి పెరిగినదో తెలుపు సాధనములివి. కరెంటు ఖర్చులో పెద్దభాగ మీ పంపుదే. దాని వేగమును సగమునకు తగ్గించినచో కరెంటు సగమునకు కాక ఇంచుమించు ఎనిమిదవవంతునకు పడిపోవును. అంతే నీటిని త్రిప్పుటకు రెండింతల కాలము నడపినను నాలుగవవంతే ఖర్చు. అందుచేతనే 2021 జూలైనుండి అమెరికాలో అమలైన నియమమువలన క్రొత్తగా కొను కొలనిపంపులలో పెక్కింటికి వేగము మార్చుకొను ఏర్పాటు అవసరమైనది. యంత్రము వేళనుబట్టి, వేడిమినిబట్టి ఆ వేగమును తానే దిద్దుకొనును. యంత్రములవలన గృహస్థునకు కలుగు నిజమైన లాభములలో నిదియొకటి.

ఇవి యన్నియు కూడినచో కొలను తన్ను తానే కాచుకొనునట్లుండును. పులుపు తగ్గిన యొక చిన్నపంపు ఆమ్లమును బొట్లుబొట్లుగా కలుపును. శక్తి తగ్గిన వేఱొక పంపు క్లోరినును కలుపును. అంకె మేర దాటిన ఫోను మ్రోగును. మా యక్కయింట రెండేండ్లిట్లే సుఖముగా జరిగినది.

నిరుడు వేసవిలో మా యక్క కుమారు లిరువురును సాయంకాలము కొలనిలోనుండి వచ్చి కన్నులు మండుచున్నవని నులుముకొనసాగిరి. బావగారు ఫోను తీసి చూచిరి. పి.హెచ్. 7.0, ఓ.ఆర్.పి. సరిగా నున్నది, హెచ్చరిక యేదియు లేదు. "నీటిలో దోషము లేదు, పిల్లలు మితిమీఱి యాడినారు" అనిరి. మఱునాడును అంతే. మా యక్కకు మాత్రము మనసు కుదుటపడలేదు. ఏలయన, క్లోరిను డబ్బా మామూలుకన్న త్వరగా నిండుకొనుచున్నది. ఆమ్లపు డబ్బాయో, పోసినది పోసినట్లే యున్నది. వంటింటిలో నూనె త్వరగా తరిగినను, పప్పు తరుగకున్నను ఇల్లాలు గుర్తింపకుండునా? "చారు నాలుకమీద వేసికొనక, డబ్బాలో ఉప్పు తరిగినది కావున చారులో ఉప్పు సరిపోయినదందుమా?" అని బావగారితో చెప్పి, మూలబడియున్న బొట్టుమందుల పెట్టెను తీసినది.

గాజునాళికలో కొలని నీరు పట్టి, ఫినాల్ రెడ్ అను మందు ఐదుబొట్లు వేయగా నీరు చిక్కని యెఱుపెక్కెను. పెట్టెమీది రంగుల వరుసలో చివరి గడికి సరిపోయినది, పి.హెచ్. 8.2, ఒకవేళ అంతకును పైన! ఫోనులో 7.0, నాళికలో 8.2. ఏది నిజము? గాజుసాధనమును పైకి తీసి, పి.హెచ్. 4 గల ద్రవములో ముంచిరి. 7 అని చెప్పెను. 7 గల ద్రవములో ముంచిరి; 7 అనియే చెప్పెను. వెలుతురునకెత్తి చూడగా గాజుబుడ్డిమీద వెండ్రుకవాసి బీట. బీటవలన లోపలి ద్రవమును వెలుపలి నీరును ఏకమైనవి. రెండింటికి భేదము లేదు కనుక విద్యుత్తు పుట్టదు. విద్యుత్తు లేనప్పుడు యంత్రమునకు 7 అనియే తోచును. పాడైన గడియారము ఆగిపోయి తన లోపమును తానే చాటుకొనును. పగిలిన గాజుబుడ్డి యట్లు చాటదు. అంతయు క్షేమమని చెప్పుచుండును.

తక్కిన కథయు తేలిపోయినది. కొలనినీరు తనంత తానుగా క్షారమువైపు జరుగుట సహజము. యంత్రమునకు 7 కనబడుచుండుటచే ఆమ్లపు పంపు కదలలేదు. పి.హెచ్. పెరిగినకొలది క్లోరిను బలము తగ్గినది; ఓ.ఆర్.పి. పడిపోబోవగా క్లోరిను పంపు మఱింత పోసి యంకెను నిలబెట్టినది. ఒక యింద్రియము కల్లలాడగా వేఱొకటి యా కల్లను కప్పినది. ఆ మధ్య బిడ్డలు ఆ నీటిలో మునుగుచుండిరి. ఆ వారమంతయు కొలనిని మూసి, నీటిని సరిదిద్దిరి. క్రొత్త గాజుసాధనమును తెచ్చిరి.

ఈ వృత్తాంతము విన్నప్పుడు నాకు లీలావతి కథ జ్ఞప్తికి వచ్చినది. భాస్కరాచార్యులు 1150లో రచించిన గణితగ్రంథమునకు ఆ పేరే. దానిని 1587లో ఫైజీ పారసీకమునకు మార్చినప్పుడు చెప్పిన ఐతిహ్యమిది. ఆచార్యుడు తన కుమార్తె పెండ్లి ముహూర్తమును తెలిసికొనుటకై నీటిలో చిల్లిగిన్నెను తేలవిడిచెను. గిన్నె నిండి మునిగినదే ముహూర్తము. చూడవలెనని వేడుకపడి వంగిన బాలిక నగలోనుండి ముత్య మొకటి జాఱి గిన్నెలో పడి చిల్లిని మూసెను. గిన్నె మునుగలేదు. అందఱును వేచియుండిరి, వేళ దాటిపోయినదని యెవ్వరికిని తెలియలేదు. గిన్నెను నమ్మి, గిన్నెలోనికి చూడకపోవుటయే అచ్చట జరిగిన పొరపాటు. ఆ ముత్యమును ఈ వెండ్రుకవాసి బీటయు ఒక్కటియే.

ఇంతకన్న ఘోరమైన ప్రమాదము వేఱొకటి కలదు. ఆమ్లమును క్లోరిను ద్రవమును ఎన్నడును ఒకచోట కలియరాదు. కలిసినచో విషవాయువు పుట్టి ఊపిరితిత్తులను దహించును. పెద్దపంపు ఆగిపోయి, మందులు పోయు చిన్నపంపులు మాత్రము నడచుచున్నచో రెండును గొట్టములోనే చేరి కలియును. పంపు మరల కదలినప్పుడు ఆ వాయువు కొలనిలోనివారిమీదికి వచ్చును. బహిరంగపు కొలనులలో నిట్లు జరిగి జనులు ఆసుపత్రుల పాలైన సంఘటనలు అమెరికాలో నమోదైయున్నవి. కావున నీరు పాఱుచున్నప్పుడు తప్ప మందుపంపులు కదలకుండ బిగింపు ఉండితీరవలెను. ఆ బిగింపు కంప్యూటరులోని వ్రాతగా మాత్రమే కాక, గొట్టములో నిలిపిన ప్రవాహపు మీటగా తీగెలచేతనే కలుపబడి యుండవలెను. రెండు డబ్బాలను దూరదూరముగా, బిడ్డలకు అందకుండ, గాలియాడుచోట తాళమువేసి యుంచవలెను. ఒకదానిలోని గరిటెను గాని గరాటును గాని రెండవదానిలో పెట్టరాదు.

కరెంటు లేనిదే యే యంత్రమును లేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాసున గొప్ప మంచుతుపాను వచ్చినది. చలి మితిమీఱినప్పుడు నీరు గడ్డకట్టకుండ సెన్సారు పంపును తానే నడపవలెను. కాని కరెంటు దినములతరబడి లేకపోయెను. ఎన్నో యిండ్ల కొలనులకు గొట్టములు పగిలినవి. మా యక్కయు బావగారును ఆ రాత్రి లాంతరు వెలుతురున పెరటిలోనికి పోయి, పంపునకును వడపోతకును ఉన్న బిరడాలను చేతులతో విప్పి నీటిని వదలివేసిరి. వారి గొట్టములు దక్కినవి. యంత్రమునకు వెనుక చేతిపని తెలిసినవారు ఇంట నుండవలెననుటకు ఇదియొక తార్కాణము.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన మాట. ఇంతవఱకు చెప్పిన సెన్సారులలో ఏదియు బిడ్డను చూడదు. నీటి వేడిమిని, పులుపును ఎఱుగును గాని నీటిలో నెవరున్నదియు నెఱుగదు. 2021లో ప్రపంచమున సుమారు మూడులక్షలమంది నీట మునిగి మరణించిరనియు, వారిలో నాలుగవవంతునకు చేరువగా ఐదేండ్లలోపు పసివారనియు ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించినది. అమెరికాలో ఒకటి మొదలు నాలుగేండ్ల వయసు బిడ్డల మరణములకు తక్కిన యే కారణముకంటెను నీట మునుగుటయే హెచ్చు. మునుగు బిడ్డ కేకవేయునని మనము తలతుము. అది పొరపాటు. ఊపిరికే యవకాశము లేనివానికి కేకకు అవకాశ మెక్కడిది? చప్పుడు లేకయే మునిగిపోవును.

ఫ్రాన్సు దేశమువారు 2003 జనవరిలో దీనికై శాసనము చేసిరి. ఇంటియావరణలో నేలలో త్రవ్విన కొలనులకు నాలుగు రక్షణలలో ఒకటైనను ఉండితీరవలెను: కంచె, గట్టి మూత, పైకప్పు, లేదా హెచ్చరిక గంట. ఆ గంటయు ఒక సెన్సారే. ఏదైన నీటిలో పడినచో అలజడి నెఱిగి మ్రోగును. అయితే విచారింపుడు: గంట మ్రోగునది బిడ్డ పడిన పిమ్మట, కంచె ఆపునది పడకమునుపు. పెద్దలు ఈదునప్పుడు గంటను ఆపివేయుదురు. లేచి వచ్చునప్పుడు మరల పెట్టుట మఱతురు. కంచెకు మఱపు లేదు, కరెంటు అక్కఱలేదు. కొలనికి నాలుగు ప్రక్కలను, ఇంటి తలుపునకును కొలనికిని నడుమకూడ వచ్చునట్లు, కనీసము నాలుగడుగుల ఎత్తున కంచె యుండి, దాని తలుపు తనంత తానే మూసికొని గడియ పడవలెను. దానిచెంత కుర్చీలు, పూలకుండీలు ఉంచరాదు, ఎక్కుటకు మెట్లగును. అడుగుననున్న నీటితూము మూతనుకూడ చూడవలెను. పంపు లాగు బలమునకు బిడ్డలు అంటుకొనిపోవుదురు. 2002లో అమెరికాయందు వర్జీనియా గ్రేమ్ బేకర్ అను ఏడేండ్ల బాలిక యిట్లు మరణించగా, ఆమె పేరనే 2007లో శాసనము చేసి భద్రమైన మూతలను నిర్బంధము చేసిరి.

మా యక్కయింట నొక నియమము కలదు. బిడ్డలు నీటిలో నున్నంతసేపు పెద్దవారిలో ఒకరు కొలనికాపరి. ఆ మనిషి చేతిలో ఫోను ఉండరాదు, పుస్తకముండరాదు, మఱియొకరితో ముచ్చట యుండరాదు. చిన్నబిడ్డ చేయిచాచిన అందునంత దూరముననే యుండవలెను. కాపరి లేచిపోవలసివచ్చినచో వేఱొకరి పేరుపెట్టి పిలిచి, వారు సరేయన్న పిమ్మటనే కదలవలెను. "అందఱు నున్నారుగదా" యనుకొన్నచోటనే యెవ్వరును చూడరు.

ఈ కొలను ముచ్చట మనకేలయని అందఱిండ్లలోను నీటి కటకట నెఱిగిన సోదరీమణులు కొందఱడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. 2024 మార్చిలో బెంగుళూరు నగరమున నీటికి కఱవు వచ్చినప్పుడు అచ్చటి జలమండలి త్రాగునీటిని ఈతకొలనులకు వాడరాదని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా విధించెను. కొలను గలవారు కారిపోవు ప్రతి బిందెకును బాధ్యులు. మట్టపు సెన్సారును, బకెట్టు పరీక్షయు, రాత్రి కప్పు మూతయు వారికి అలంకారములు కావు, ఇరుగుపొరుగువారిపట్ల ధర్మము.

కొలను గల యింటికి పోవు సోదరీమణులకు మా యక్క చెప్పిన నాలుగు మాటలు చెప్పి ముగించెదను. వారమునకు రెండుసారులైనను బొట్టుమందులతో నీటిని పరీక్షించి, యంత్రపు అంకెతో సరిచూడవలెను. నెలకొకసారి గాజుసాధనమును 4, 7 ద్రవములలో ముంచి సత్యము చెప్పించవలెను. దానిని ఎన్నడును ఎండనీయరాదు. ఏడాదికో రెండేండ్లకో క్రొత్తది మార్చవలెను. అంకె దినములతరబడి కదలకున్నచో సంతసింపక సందేహింపవలెను. నీటిచెంతనున్న ప్రతి విద్యుత్తు తీగెకు, స్వల్పముగా కరెంటు జాఱినను తటాలున తెగిపోవు మీట యుండవలెను. మన దేశమున దానిని 30 మిల్లీయాంపియర్ల ఆర్.సి.సి.బి. అందురు.

వీనికి తోడు నీటిలోనుండి తీసిన బిడ్డకు ఊపిరి ఊదుటయు ఱొమ్ము నొక్కుటయు ఇల్లాండ్రందఱును నేర్చుకొనవలసిన విద్య. మన రాష్ట్రములలో పిలువవలసిన అంకె 108 లేక 112, అమెరికాలో 911. పరదేశమునకు పోవు తల్లి ఊరగాయ జాడీతోకూడ ఈ అంకెనుకూడ మనసున కట్టుకొని పోవుట మేలు.

యంత్రములను నేను నిందింపను. అవి రేయింబగళ్లు నిద్రలేక కాచునవి. మన శ్రమను, కరెంటును, నీటిని పొదుపుచేయునవి. కాని కావలివానిని పెట్టుకొన్న గృహస్థు కావలివాడు మేలుకొనియున్నాడో లేదో ఒకమారు లేచి చూచుకొనును. కొలనిలోని నీటిని యంత్రము చూచుగాక. యంత్రమును మనము చూతము. బిడ్డను మాత్రము ఎవ్వరికిని అప్పగింపక మన కన్నులతోనే చూచుకొందము.